నేలకు తగిలిన వీపు: జూడో పడవేతలు, బ్రెజిలియన్ జియు-జిత్సు, గెలుపు నిబంధనల చరిత్ర

హిందూపురం నుంచి కదిరికి వెళ్ళే దారిలో, చిత్రావతి నది పక్కన ఉన్న ఊరు గోరంట్ల. విజయనగర శైలిలో కట్టిన మాధవరాయస్వామి ఆలయం ఈ ఊరికి గుర్తు. 1882లో బళ్ళారి నుంచి వేరుపడిన అనంతపురం జిల్లాలో నూటనలభై ఏళ్ళు ఉండి, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో భాగమైంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా మాత్రమే వాన పడే ఈ పీఠభూమి గురించిన చరిత్ర రచనలో కరువు, కోటలు, శాసనాలు, వలసలు తగిన చోటు పొందాయి. దేహమే పనిముట్టుగా సాగిన విద్యల చరిత్ర అంతగా చోటు పొందలేదు. అయితే ఈ పీఠభూమికీ దాని పరిసరాలకూ మల్లవిద్యతో ఉన్న సంబంధం పాతది. విజయనగర ఉత్సవాల మల్లులు, పొరుగున మైసూరు దసరాలో తలపడిన జెట్టీలు, ఎర్రమట్టి గోదాలో కుస్తీ, చివరగా అనంతపురంలో నేర్పుతున్న జూడో ఒకే ప్రాంతపు చుట్టుపక్కల వేర్వేరు కాలాల్లో కనిపిస్తాయి. నాలుగింటిలోనూ మనిషిని పడవేయడం ఉంది. పడవేసిన తరువాత ఏమవుతుందన్న విషయంలో మాత్రం నాలుగూ ఏకీభవించవు.

ఈ భేదం పాత కాలపు విషయం మాత్రమే కాదు. బ్రెజిలియన్ జియు-జిత్సు అభ్యసించేవారు నిలబడి చేసే పోరులో తమ లోటును పూడ్చుకోవడానికి జూడో పడవేతలను నేర్చుకోవడం నేడు ప్రపంచమంతటా సాధారణమైంది. ఒక విద్య నుంచి మరొక విద్య అప్పు తెచ్చుకోవడంగా దీన్ని చూడడం పరిపాటి. చరిత్రను పరిశీలిస్తే ఇది అప్పు కాదనీ, ఒకప్పుడు ఒకటిగా ఉన్న విద్యలో గెలుపు నిబంధనల వల్ల విడిపోయిన భాగాలను తిరిగి అతికించే ప్రయత్నమనీ తెలుస్తుంది. అతుకు సరిగా పడాలంటే చీలిక ఎక్కడ వచ్చిందో తెలియాలి.

విజయనగరం, జెట్టీలు, గోదా మట్టి

కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దంలో సంకలనం చేసిన మానసోల్లాసంలో మల్లవినోదం ఒక ప్రత్యేక ప్రకరణం. మల్లులను శక్తినీ నేర్పునూ బట్టి జ్యేష్ఠికులు, అంతరజ్యేష్ఠికులు, గోవలులు అని విభజించి, వారి ఆహారాన్నీ అభ్యాసాన్నీ అది వివరిస్తుంది. తెలుగు, కన్నడ భాషల్లోని ‘జెట్టి’ అన్న మాటను ఈ జ్యేష్ఠ శబ్దంతో ముడిపెట్టడం పండితులలో ఉన్నదే. తెలుగులో జెట్టి అంటే మల్లుడు. మేటి వీరుణ్ణి నేటికీ ‘జగజెట్టి’ అంటున్నాం. 1909లో అచ్చయిన థర్‌స్టన్ కులాల సర్వస్వం జెట్టీలను వృత్తిరీత్యా మల్లులైన తెలుగు కులంగా నమోదు చేసింది. తెలుగు జిల్లాల్లో వారు నరాల నొప్పులకు మర్దన చేసి, లేపనాలు రాసి నయం చేసేవారనీ, తమిళ వాతావరణంలోని తంజావూరులో ఉన్నా తెలుగే మాట్లాడేవారనీ అందులో ఉంది. పడవేయడం తెలిసినవారికే పడినవాడి కీళ్ళు సరిచేయడమూ తెలిసి ఉండడం ఆశ్చర్యం కాదు. జపానులో సైతం జుజుత్సు గురువులు ఎముకలు కట్టే వృత్తితో జీవించిన సందర్భాలు అనేకం.

విజయనగర కాలానికి వస్తే ఆధారం మరింత స్పష్టం. 1520 ప్రాంతంలో నగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వర్ణించాడు. రాయలు తెల్లవారక ముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి నూనె పట్టించి, బరువులతోనూ కత్తితోనూ సాధన చేసి, నూనె అంతా చెమటగా కారిపోయిన తరువాత తన మల్లుల్లో ఒకరితో కుస్తీ పట్టేవాడట. మహానవమి ఉత్సవంలోని మల్లయుద్ధాల గురించి పేస్ రాసిన భాగం ఈ చర్చకు ఇంకా ముఖ్యం. ఆ మల్లులు పోర్చుగల్ వారిలా పోరాడరని అతడు ముందే హెచ్చరిస్తాడు. పళ్ళు రాలేంత, ముఖాలు చెడేంత గట్టి దెబ్బలుంటాయనీ, వాటితో పాటు ఒకరినొకరు చక్కగా పడవేసుకుంటారనీ చెబుతాడు. వారికి నాయకులు, తీర్పరులు ఉన్నారనీ, ఇరుపక్షాలనూ సమంగా నిలబెట్టడం, గెలిచినవానికి గౌరవం నిర్ణయించడం వారి పని అనీ చేరుస్తాడు. అంటే పదహారవ శతాబ్దపు దక్షిణ భారతంలో దెబ్బ, పట్టు, పడవేత కలిసి ఉన్న పోరు ఒకటుంది. ఏది గెలుపో చెప్పే మనుషులూ ఉన్నారు. పడవేతతోనే పోరు ముగిసేదని పేస్ చెప్పలేదు. ముఖాలు చెడిన మల్లులను మిత్రులు మోసుకుపోవడం గురించి అతడు చెప్పినదాన్ని బట్టి పడవేత ఆ పోరులో ఒక ఘట్టమే తప్ప ముగింపు కాదని ఊహించవచ్చు.

విజయనగర మహానవమి సంప్రదాయం మైసూరు ఒడెయర్ల దసరాకు చేరినప్పుడు జెట్టీల వజ్రముష్టి అందులో భాగమైంది. వేళ్ళకు తొడుక్కునే ముళ్ళ ఆయుధంతో తలపడే ఈ పోరులో ఎదుటివాడి తల మీద తొలి రక్తపు చుక్క కనబడగానే తీర్పు వెలువడుతుంది. ఇక్కడ పడవేతకు సొంత విలువ దాదాపు లేదు. చేయి ఆడేందుకు చోటు దొరకడానికి మాత్రమే అది పనికొస్తుంది.

గోదా కుస్తీ దీనికి పూర్తిగా భిన్నం. తవ్వి మెత్తబరచిన ఎర్రమట్టిలో నూనె, మజ్జిగ, పసుపు వంటివి కలిపి గోదా తయారు చేస్తారు. గరుసు నేలలున్న పీఠభూమిలో ఈ శ్రమ మరింత అవసరం. ప్రత్యర్థి వీపును, రెండు భుజాలను నేలకు ఆనించడమే గెలుపు. హిందుస్తానీ కుస్తీ పరిభాషలో దానిని ‘చిత్’ అంటారు. తెలుగులో ‘చిత్తుగా ఓడించడం’ అన్న ప్రయోగం బహుశా ఈ గోదా నుంచే వచ్చింది. ‘మట్టి కరిపించడం’ అన్న మరో జాతీయం మాత్రం గోదా నిబంధనకు సరిగ్గా వ్యతిరేకం. మట్టి కరవాలంటే ముఖం నేలకు తగలాలి. గోదాలో బోర్లా పడినవాడు ఓడినట్టు కాదు, నిజానికి అదే అతడి రక్షణ. వీపు దాచుకుని, పొట్ట మట్టికి హత్తుకుని, పైవాడు విసిగేదాకా ఓర్చుకోవడం కుస్తీలో గౌరవనీయమైన నేర్పు. భాషలోని ఓటమి ఒక వైపు, గోదాలోని ఓటమి మరో వైపు తిరిగి ఉన్నాయి.

మూలాల గురించి ఒక మాట. బోధిధర్ముడు దక్షిణ భారతం నుంచి యుద్ధవిద్యను చైనాకు తీసుకువెళ్ళాడనీ, అక్కడి నుంచి అది జపానుకు చేరిందనీ, కాబట్టి జూడోకు మూలం మన నేలేననీ చెప్పే వాదం తెలుగులోనూ తరచు కనబడుతుంది. బోధిధర్ముణ్ణి షావోలిన్ వ్యాయామాలతో కలిపిన ప్రధాన గ్రంథం యిజిన్‌జింగ్ పదిహేడవ శతాబ్దానిదని చైనా, జపాన్ పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. బోధిధర్ముడి కాలానికీ ఆ గ్రంథానికీ మధ్య వెయ్యేళ్ళకు పైగా ఎడం ఉంది. ధోబీపాట్ అనే కుస్తీ పట్టుకూ జూడోలోని సెయోయి-నాగెకూ పోలిక ఉన్న మాట నిజమే. రెండింటిలోనూ ప్రత్యర్థి చేతిని లాగి, వీపు మీదుగా ఎత్తి ముందుకు పడవేస్తారు. చాకలి బట్టను బండకేసి కొట్టే కదలిక నుంచి కుస్తీ దానికి పేరు పెట్టింది. మానవ దేహానికి ఉన్న కీళ్ళు, బరువు ఎక్కడైనా అవే. ఒకే సమస్యకు రెండు చోట్ల ఒకే పరిష్కారం దొరకడానికి ప్రయాణికుడు అక్కరలేదు.

కోడోకాన్‌లో వచ్చిన చీలిక

అనంతపురం జిల్లా ఏర్పడిన 1882లోనే టోక్యోలో జిగోరో కానో కోడోకాన్ స్థాపించాడు. (వీరఘట్టంలో కోడి రామమూర్తినాయుడు పుట్టిన సంవత్సరం కూడా అదే. గొలుసులు తెంచడం, ఏనుగును గుండె మీద నిలబెట్టుకోవడం వంటి ఆయన ప్రదర్శనల చుట్టూనే తెలుగు వ్యాయామ చరిత్ర తిరగడం వల్ల బలం గురించి రాసినంతగా పట్టు గురించి మనం రాసుకోలేదు.) కానో రెండు పాత జుజుత్సు సంప్రదాయాల్లో శిక్షణ పొందాడు. తెన్జిన్ షిన్‌యో-ర్యూ నుంచి నేలమీది పట్లు, గొంతు నొక్కే పద్ధతులు ఎక్కువగా వచ్చాయి. కితో-ర్యూ నుంచి సమతూకం చెరిచి పడవేసే సూత్రం వచ్చింది. పడేవాడు గాయపడకుండా పడే ఉకెమి అభ్యాసాన్ని కానో శిక్షణకు పునాది చేశాడు. దానివల్ల పడవేతను పూర్తి బలంతో, మళ్ళీమళ్ళీ, జీవించి ఉన్న ప్రత్యర్థి మీదే సాధన చేయడం సాధ్యమైంది. జూడో విజయ రహస్యం ఏదైనా ఉంటే అది ఏ ఒక్క పట్టులోనూ లేదు, ఈ సాధన పద్ధతిలో ఉంది. 1895లో వర్గీకరించిన పడవేతలను 1920లో సవరించి, ఐదు వర్గాల్లో ఎనిమిదేసి చొప్పున 40గా స్థిరపరిచారు.

తొలినాటి కోడోకాన్‌లో నేలపోరు లేకపోలేదు. ఫుసెన్-ర్యూకు చెందిన మాతాయెమోన్ తనాబె నేలమీది పట్లతో కోడోకాన్ శిష్యులను ఓడించాక ఆ విద్యకు అక్కడ ప్రాధాన్యం పెరిగిందని జూడో సంప్రదాయం చెబుతుంది. 1914 నుంచి క్యోటో సామ్రాజ్య విశ్వవిద్యాలయం నిర్వహించిన ఉన్నత పాఠశాలల పోటీల్లో కోసెన్ పద్ధతి వికసించింది. అక్కడ విద్యార్థులు పడవేయకుండానే ప్రత్యర్థిని కిందికి లాగి గంటల తరబడి నేలపోరు సాగించవచ్చు. తక్కువ కాలంలో నేర్చుకోగలిగిన విద్య కావడం వల్ల విద్యార్థులకు అది నచ్చింది. కానోకు నచ్చలేదు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఎదురైతే నిలబడి ఉన్నవాడే బతికి బయటపడతాడన్నది ఆయన ఆలోచన. 1920ల మధ్యలో కోడోకాన్ నిబంధనలు ఊరికే కిందికి లాగడాన్ని నిరోధించాయి. నేలపోరుకు వెళ్ళాలంటే పడవేత ద్వారా వెళ్ళాలి. వీపు ఆనేలా, వేగంతో, బలంతో, అదుపుతో పడవేస్తే ‘ఇప్పోన్’. పోటీ అక్కడితో సమాప్తం.

ఈ ఒక్క నిబంధన పర్యవసానాలు గమనించదగినవి. పడవేత తరువాత ఏమి జరుగుతుందో ఆలోచించవలసిన అవసరం జూడో క్రీడాకారుడికి తగ్గింది. గాలిలోనే ఒళ్ళు తిప్పి బోర్లా పడడం ఓడిపోకుండా ఉండే మార్గమైంది. తీర్పరి కాసేపటికి లేపి నిలబెడతాడన్న భరోసాతో బోర్లా పడుకుని ఉండడం అలవాటైంది. ఈ విషయంలో జూడోకూ గోదా కుస్తీకీ బంధుత్వం కనబడుతుంది. రెండూ వీపును కాపాడుకునే విద్యలు.

మయేదా నుంచి మరకానా వరకు

మిత్సుయో మయేదా కోడోకాన్ నుంచి బయలుదేరిన 1904 నాటికి ఆ నిబంధన ఇంకా గట్టిపడలేదు. సునెజిరో తొమితతో కలిసి అమెరికా వెళ్ళిన అతడు 1905 ఫిబ్రవరిలో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో జూడో ప్రదర్శించాడు. ఆ రోజు గురించి ప్రచారంలో ఉన్న కథనాలు ఈ చర్చకు ఎంతో ఉపయోగపడతాయి. ఒక కథనం ప్రకారం మల్లయుద్ధం తెలిసిన విద్యార్థి ఒకడు మయేదాను నేలకు అదిమిపట్టి గెలిచాననుకున్నాడు. వీపు ఆనడం ఓటమి అన్న నియమం మయేదాకు తెలియదు. అతడు పోరు కొనసాగించి కీలుపట్టుతో విద్యార్థి చేత ఓటమి ఒప్పించాడు. తరువాత తొమిత తనకన్నా చాలా బరువైన ఒక ఫుట్‌బాల్ ఆటగాడి మీద తొమోయె-నాగె ప్రయోగించాడు. అది తాను వెల్లకిలా పడుతూ, ప్రత్యర్థి పొట్టకు పాదం ఆనించి, తల మీదుగా విసిరే పట్టు. రెండుసార్లు విఫలమైంది. చూసేవారికి తొమిత తానే కింద పడినట్టు కనబడింది. ఒకే సాయంత్రం, ఒకే చాప మీద రెండు గెలుపు నిబంధనలు ఒకదానికొకటి అర్థం కాకుండా పోయాయి.

తరువాతి పదేళ్ళు మయేదా అమెరికా, ఐరోపా, లాటిన్ అమెరికా దేశాల్లో బహుమతి పోరులు చేస్తూ తిరిగాడు. మల్లులు, ముష్టియోధులు, బరువులో తనకు రెట్టింపు ఉన్నవారు ఎదురయ్యారు. అక్కడ ఇప్పోన్ పిలిచే తీర్పరి లేడు. పడవేయాలి, పడినవాడిని వదలకుండా పట్టాలి, ఒప్పించాలి. 1914లో బ్రెజిల్ చేరి, బెలెంలో స్థిరపడ్డాడు. 1941లో అక్కడే మరణించాడు. గ్రేసీ కుటుంబానికి చెందిన కార్లోస్ ఈ విద్యను నేరుగా మయేదా వద్దే నేర్చాడా, మయేదా శిష్యుల వద్ద నేర్చాడా అన్నది పరిశోధకుల మధ్య తేలని వివాదం. రియో డి జనీరోలో తొలి శిక్షణశాల 1925లో ప్రారంభమైందన్న కుటుంబ కథనాన్ని కూడా నాటి పత్రికలు చూసినవారు ప్రశ్నించారు. ఎవరి వాదం నిలిచినా ఒక సంగతి మారదు. బ్రెజిల్‌కు చేరినది కోడోకాన్ విద్యే. అందులో పడవేత, నేలపోరు అప్పటికి విడిపోలేదు.

విడిపోవడం ఎంత దూరం వచ్చిందో 1951 అక్టోబరు 23న రియోలోని మరకానా క్రీడాప్రాంగణంలో బయటపడింది. ఆ కాలపు జూడోలో అగ్రగణ్యుడైన మసహికో కిమురా, కార్లోస్ తమ్ముడు హేలియో గ్రేసీ తలపడ్డారు. ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం పడవేతకు గానీ, అదిమిపట్టడానికి గానీ గెలుపు లేదు. ఓటమి ఒప్పించడం ఒక్కటే తీర్పు. కిమురా ఒసోతో-గారితోనూ ఇతర పట్లతోనూ హేలియోను పదేపదే నేలకు కొట్టాడు. జూడో పోటీ అయితే తొలి నిమిషాల్లోనే ముగిసేది. ఇక్కడ ముగియలేదు. చాప మెత్తగా ఉండడం వల్ల పడవేతలు పనిచేయలేదని కిమురా తరువాత రాసుకున్నాడు. రెండో భాగంలో చేతిని వెనక్కి మెలితిప్పే కీలుపట్టుతో అతడు పోరు ముగించాడు. గ్రేసీలు ఆ పట్టుకు ‘కిమురా’ అనే పేరు పెట్టుకున్నారు.

ఈ పోరును జూడో వారు పడవేతల ఆధిక్యానికి నిదర్శనంగానూ, జియు-జిత్సు వారు హేలియో ఓర్పుకు నిదర్శనంగానూ చెప్పుకుంటారు. చరిత్రకారుడికి ఇందులో కనిపించేది వేరు. కిమురా గెలిచింది తాను మర్చిపోని నేలపోరు వల్ల. అతడు కోసెన్ పోటీలు చూసిన తరానికి చెందినవాడు. విడిపోయిన రెండు భాగాలూ ఒకే దేహంలో ఉన్న చివరి గొప్ప ఉదాహరణల్లో అతడొకడు.

పట్టు మారకుండా ప్రయోజనం మారడం

నేటి అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిత్సు సమాఖ్య నిబంధనల్లో పడవేతకు 2 పాయింట్లు, కాళ్ళ కాపలా దాటినందుకు 3, పొట్ట మీద ఎక్కి కూర్చున్నా వీపును చేజిక్కించుకున్నా 4. పడవేసినవాడు పైన మూడు సెకన్లు నిలదొక్కుకోకపోతే ఆ రెండూ రావు. ప్రత్యర్థి దుస్తులు పట్టుకుని తనంతట తానే వెల్లకిలా కూర్చోవడానికి శిక్ష లేదు. ఈ అంకెలు చూస్తేనే జియు-జిత్సు శిక్షణశాలల్లో నిలుపుపోరు ఎందుకు సన్నగిల్లిందో అర్థమవుతుంది. ఏళ్ళు పట్టే పడవేతకు రెండు పాయింట్లయితే, నెలల్లో వచ్చే కూర్చునే పద్ధతికి నష్టం లేకపోతే, విద్యార్థి ఏది నేర్చుకుంటాడన్నది చెప్పనక్కరలేదు. కోసెన్ విద్యార్థులు నూరేళ్ళ కిందట వేసుకున్న లెక్క ఇదే.

జూడో పడవేతను జియు-జిత్సులోకి తెచ్చుకునేవారు తొలుత ఎదుర్కొనేది వీపు సమస్య. సెయోయి-నాగెలో పడవేసేవాడు ప్రత్యర్థికి తన వీపు ఇస్తాడు. జూడోలో విఫలమైతే మహా అయితే బోర్లా పడి తీర్పరి కోసం ఎదురుచూస్తాడు. జియు-జిత్సులో ఆ తీర్పరి రాడు. వీపు మీదికి ఎక్కినవాడికి 4 పాయింట్లు, ఆ తరువాత గొంతు. మోకాళ్ళ మీద కూలబడి చేసే సెయోయి-నాగె యువ జూడో క్రీడాకారులకు ఎంత ప్రియమైనదో ఇక్కడ అంత ప్రమాదకరం. దీనికి భిన్నంగా ఒసోతో-గారి, కోఉచి-గారి, ఓఉచి-గారి వంటి పట్లలో ఇద్దరూ ఎదురెదురుగా ఉంటారు. ఫలించకపోయినా వీపు పోదు, ఫలిస్తే పడవేసినవాడు నేరుగా పైన ఉంటాడు. పాదాన్ని ఊడ్చే దెయాశి-బరాయి వంటివి మరీ భద్రం. తొమోయె-నాగె సంగతి విచిత్రం. జూడోలో విఫలమైతే సిగ్గు అనిపించే ఈ పట్టు, వెల్లకిలా ఉండడానికి భయపడని జియు-జిత్సులో సహజంగా ఒదిగిపోతుంది. తొమిత 1905లో పడిన చోటునే నేటి సాధకుడు పోరు మొదలుపెట్టే చోటుగా ఎంచుకుంటాడు.

రెండో సమస్య చివరి క్షణానిది. ఇప్పోన్ కోసం విసిరేవాడు తానూ గాలిలో తిరిగి ప్రత్యర్థి మీదుగా దొర్లిపోవడం జూడోలో తప్పు కాదు. అంతటితో ఆట అయిపోతుంది. జియు-జిత్సులో అలా దొర్లినవాడు మరుక్షణం కింద ఉంటాడు. అందువల్ల అదే ఉచి-మాతను ఇక్కడ కొంత వేగం తగ్గించి, చొక్కా చేతిపట్టు వదలకుండా, పడినవాడి పక్కన మోకాలు నాటుతూ ముగించాలి. జూడో శిక్షకుడి కంటికి అది అసంపూర్ణంగా కనబడవచ్చు. కానో తొలి శిష్యుల కంటికి బహుశా అలా కనబడేది కాదు.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఒక వైపే సాగలేదు. అంతర్జాతీయ జూడో సమాఖ్య 2010లో కాళ్ళను నేరుగా పట్టుకోవడంపై నిషేధం తెచ్చి, 2013 నాటికి నడుముపట్టీకి దిగువన చేయి వేయడాన్నే నిషేధించింది. కోడోకాన్ జాబితాలోని మొరోతె-గారి, కాలు పట్టి ఎత్తే పాత పద్ధతి కాతా-గురుమ పోటీల నుంచి మాయమయ్యాయి. జూడో మల్లయుద్ధంలా కనబడకుండా చేయడం దీని ఉద్దేశాల్లో ఒకటి. ఫలితంగా జూడో సొంత సొత్తులోని కొన్ని పట్లు నేడు జూడో పోటీలో కన్నా జియు-జిత్సు పోటీలోనే చూడగలం. మరో చోట కూడా చూడగలం. ప్రత్యర్థిని భుజాల మీద అడ్డంగా ఎత్తుకుని పడవేసే కలాజంగ్ గోదా కుస్తీలో ఏనాడూ ఆగలేదు. కాతా-గురుమకు అది అతి సమీప బంధువు.

భారతదేశానికి జూడో రావడంలో తొలి అధ్యాయం శాంతినికేతనానిది. రవీంద్రనాథ్ ఠాకూర్ 1905లో జిన్నోసుకే సానోనూ, 1929లో శింజో తకాగాకినీ అక్కడికి రప్పించారు. బాలికలు కూడా ఈ విద్య నేర్చుకున్నారు. 1965లో భారత జూడో సమాఖ్య ఏర్పడింది. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో జూడో తొలిసారి చేరింది. జియు-జిత్సు 2018 జకార్తా ఆసియా క్రీడల్లో చేరింది. అనంతపురం పీఠభూమికి జూడో చేరిన దారి వీటన్నింటికీ పక్కగా ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడ నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ, ప్రజలు ఆర్.డి.టి. అని పిలిచేది, అనంతపురంలో క్రీడాగ్రామాన్ని నిర్మించి క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ, టెన్నిస్‌తో పాటు జూడోను కూడా పల్లె పిల్లలకు నేర్పింది. దళిత కుటుంబాల, వెనుకబడిన వర్గాల పిల్లలు, ముఖ్యంగా బాలికలు, చాప మీద అడుగుపెట్టగలగడం ఇందులో అసలు మార్పు. జ్యేష్ఠికులది రాజాశ్రయం, జెట్టీలది కులవృత్తి, గోదా చాలా కాలం మగవారిది.

గోరంట్ల వంటి ఊరి నుంచి జూడో నేర్చుకుని, చదువు కోసమో ఉద్యోగం కోసమో బెంగళూరు వెళ్ళి అక్కడ జియు-జిత్సు శిక్షణశాలలో చేరే యువతి పరిస్థితి ఊహించడం కష్టం కాదు. ఆమెకు ఉకెమి వచ్చు, సమతూకం చెరపడం వచ్చు, ఒసోతో-గారి వచ్చు. మార్చుకోవలసినవి రెండు. పడ్డప్పుడు బోర్లా తిరిగే అలవాటు మానుకుని ప్రత్యర్థికి ఎదురుగా కాళ్ళు పెట్టడం నేర్చుకోవాలి. 2013 తరువాత చాప ఎక్కిన తరం కనుక ఆమె చేయి ప్రత్యర్థి కాలి వైపు ఎన్నడూ వెళ్ళి ఉండదు. అక్కడ అది నిషిద్ధం కాదు. కాతా-గురుమ పాత రూపాన్ని ఆమెకు జియు-జిత్సు శిక్షకుడైనా చూపగలడు, గోదాలో కలాజంగ్ పట్టిన పాత వస్తాదైనా చూపగలడు.